మా శీలాన్ని గురించి మమ్మల్ని అడగండి: సంఘ కాపరులకు, పెద్దలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంఘ కాపరులకు, పెద్దలకు, పరిచారకులకు,

మన ప్రభువైన యేసుక్రీస్తు నామమున వందనములు.

నేను 19 సంవత్సరాలుగా సండే స్కూలులో పిల్లలకు వాక్యం చెబుతున్న ఒక సామాన్య విశ్వాసిని. రక్షణ పొంది, బాప్తిస్మం తీసుకొని, ప్రతి ఆదివారం ఆరాధనకు వచ్చే మా వంటి వారి స్వభావం క్రీస్తు స్వభావానికి దగ్గరవుతున్నదా లేదా అని సంఘంలో ఎవరూ ఎవరినీ అడగడం లేదనీ, అడిగే ఏర్పాటు కూడా మన మధ్య లేదనీ, దానివల్ల ఇళ్లలోనూ పనిచోట్లలోనూ మామూలు మనుషులు నష్టపోతున్నారనీ తెలియజేస్తూ గడచిన రెండేళ్లలో రెండుసార్లు మా సంఘ పెద్దలకు విజ్ఞాపన పత్రం ఇచ్చాను. రెండవ పత్రం మీద నాతో పాటు మరో 11 మంది సంతకాలు చేశారు. రెండుసార్లూ దాన్ని ఆదరంగానే తీసుకున్నారు, రెండుసార్లూ "ప్రార్థనలో పెడదాం" అన్నారు. వారు ప్రార్థించారనే నమ్ముతున్నాను. కాని ఆ పత్రం పెద్దల సమావేశంలో చర్చకు రాలేదు, రాతపూర్వకంగా గాని నోటిమాటగా గాని జవాబు అందలేదు. ఇతర సంఘాల విశ్వాసులతో మాట్లాడినప్పుడు ఇది మా ఒక్క సంఘపు సంగతి కాదని తెలిసింది. అందుకే ఏ సంఘం పేరూ, ఏ మనిషి పేరూ ఎత్తకుండా, కాపరత్వపు బాధ్యతలో ఉన్న మీ అందరికీ ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. శీలం అనే మాటను మనం వాడుకలో చాలా ఇరుకు చేసుకున్నాం. వినగానే ఆడవారి నడవడి ఒక్కటే గుర్తుకు వచ్చేంతగా కుదించుకున్నాం. ఈ లేఖలో శీలమంటే మనిషి ఎవరూ చూడనప్పుడు ఉండే తీరు: డబ్బు విషయంలో నమ్మకం, కోపం వచ్చినప్పుడు నోటి మీద అదుపు, తనకంటే బలహీనులతో వ్యవహరించే పద్ధతి, తప్పు చేసినప్పుడు ఒప్పుకొనే ధైర్యం.

ఈ విషయం నన్ను పట్టుకొని వదలకపోవడానికి కారణం ఒక పిల్ల. బైబిలులో గలతీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం 22, 23 వచనాల పాఠం చెబుతూ, పది పన్నెండేళ్ల పిల్లలకు తలా ఒక కాగితం ఇచ్చాను. అందులో ప్రేమ, సంతోషము, సమాధానము, దీర్ఘశాంతము, దయాళుత్వము, మంచితనము, విశ్వాసము, సాత్వికము, ఆశానిగ్రహము అని తొమ్మిది గడులు ఉన్నాయి. ఒక్కో గుణం ఎవరిలో చూశారో ఆ గడిలో వారి పేరు రాయమన్నాను. వచనాన్ని తప్పు లేకుండా అప్పజెప్పిన ఒక పాప ఏడు గడులు చకచకా నింపింది. అమ్మ, అమ్మమ్మ, పక్కింటి స్నేహితురాలు, బడిలో తన పెన్సిలు వెతికి ఇచ్చిన అబ్బాయి. సాత్వికము, ఆశానిగ్రహము అన్న రెండు గడుల దగ్గర ఆగిపోయి, పెన్సిలు చివర కొరుకుతూ చాలాసేపు కూర్చుంది. మిగిలిన పిల్లలు వెళ్లిపోయాక నా దగ్గరకు వచ్చి అడిగింది: "టీచర్, ఇక్కడ పాస్టరుగారి పేరు రాయొచ్చా? కానీ ఆయన ఇంట్లో ఎలా ఉంటారో నాకు తెలీదు కదా."

ఆ పాప ఎవరినీ నిందించలేదు. మా కాపరి మీద నాకూ ఏ ఫిర్యాదూ లేదు. కాని ఒక మనిషి సాత్వికుడో కాడో వేదిక మీద చూసి చెప్పలేమనీ, అది ఇంట్లో తెలుస్తుందనీ ఆ పిల్లకు అర్థమైంది. తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో పౌలు చెప్పింది కూడా అదే: తన యింటివారిని ఏలనేరని వాడు దేవుని సంఘాన్ని ఎలా పాలిస్తాడని ఆయన అడుగుతున్నాడు. ఆ అధ్యాయంలో సంఘ నాయకునికి ఉండవలసిన లక్షణాలను వరుసగా చదివితే, "బోధింపతగినవాడు" అన్న ఒక్క మాట తప్ప మిగిలినవి దాదాపుగా అన్నీ స్వభావాన్ని, ఇంటి నడవడిని, బయటివారి సాక్ష్యాన్ని గురించినవే. మితానుభవుడు, మర్యాదస్థుడు, కొట్టనివాడు, జగడమాడనివాడు, ధనాపేక్ష లేనివాడు. మనం మాత్రం ఆ ఒక్క మాటనే పట్టుకొని మిగిలిన జాబితాను వదిలేశాం. బాగా మాట్లాడగలడా, బాగా పాడగలడా, నలుగురిని కూడగట్టగలడా, కానుక ఎంత ఇస్తాడు అన్నవి చూస్తున్నాం.

మా విజ్ఞాపనను చదివిన ఒక పెద్దాయన, శీలం గురించి ఎక్కువగా మాట్లాడితే కృపను తక్కువ చేసినట్టవుతుందనీ, క్రియల వల్ల రక్షణ అనే బోధలోకి జారిపోతామనీ హెచ్చరించారు. ఆ భయం అర్థం లేనిది కాదు. రక్షణ క్రియల వల్ల కలిగినది కాదని ఎఫెసీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం 8, 9 వచనాల్లో స్పష్టంగా ఉంది. పదవ వచనమో, మనం సత్క్రియల కోసం క్రీస్తులో సృష్టించబడ్డామని చెబుతుంది. తీతుకు రాసిన పత్రిక 2వ అధ్యాయం 11, 12 వచనాలు ఇంకా ముందుకు వెళ్తాయి: స్వస్థబుద్ధితో, నీతితో, భక్తితో బతకాలని మనకు బోధిస్తున్నది ఆ కృపేనట. మూల గ్రీకులో ఆ "బోధించు" అన్న మాట పిల్లలను దగ్గర పెట్టుకొని పెంచి, దిద్ది, సరిచేసే శిక్షణకు వాడే మాట. 19 ఏళ్లు పిల్లల మధ్య గడిపినదాన్ని కనుక ఆ మాట బరువు నాకు కొంత తెలుసు. దిద్దనిదాన్ని పెంపకం అనరు.

ఇంకొక సంగతి కూడా గమనించమని కోరుతున్నాను. వరాలు అనేకం, అవి ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పంచి ఇవ్వబడతాయని 1 కొరింథీయులకు 12వ అధ్యాయం చెబుతుంది. కాని గలతీయుల పత్రికలో ఉన్నది "ఆత్మ ఫలము", ఏకవచనం. తొమ్మిది గుణాలూ కలిపి ఒకే ఫలం. పాట నా వరం కాదని ఎవరైనా చెప్పవచ్చు గాని, దీర్ఘశాంతము నా వరం కాదని చెప్పే వీలు ఏ విశ్వాసికీ లేదు.

ఈ విషయాన్ని పక్కన పెట్టినందువల్ల జరుగుతున్నదేమిటో మీ ముందు ఉంచుతున్నాను. ఇవన్నీ నేను దగ్గరగా చూసినవి, లేక నష్టపోయినవారి నోట నేరుగా విన్నవి.

1. సహవాసం పేరు చెప్పి తీసుకున్న అప్పులు తిరిగి రావడం లేదు. ఒక సహోదరి తన కూతురి పై చదువు కోసం కొన్నేళ్లు కూడబెట్టిన సొమ్మును, సంఘంలో ముందు వరసలో కూర్చునే ఒక సహోదరునికి, నోటు కూడా రాయించుకోకుండా ఇచ్చింది. విశ్వాసి దగ్గర నోటు అడగడం అవిశ్వాసమవుతుందేమోనని ఆమె సంకోచించింది. గడువు దాటింది, ఏడాది దాటింది. అడిగితే, దేవుడు సమకూర్చగానే ఇస్తానన్నాడు. పెద్దల దగ్గరకు వెళ్తే, విశ్వాసులు న్యాయస్థానానికి ఎక్కకూడదనీ, అన్యాయాన్ని సహించడమే మేలనీ 1 కొరింథీయులకు 6వ అధ్యాయం చదివి వినిపించారు. ఆ అధ్యాయాన్ని నేను ఇంటికి వెళ్లి మళ్లీ చదివాను. సహించమన్న ఏడవ వచనానికి ముందు ఐదవ వచనం ఉంది: సహోదరుల మధ్య వ్యాజ్యాన్ని తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా, మీకు సిగ్గు రావాలని చెబుతున్నాను అని పౌలు అక్కడ సంఘాన్ని నిలదీస్తున్నాడు. అంటే బయటి తలుపు మూసినప్పుడు లోపలి తలుపు తెరిచి ఉండాలన్నది ఆ వాక్యపు ఉద్దేశం. ఆ సహోదరికి రెండు తలుపులూ మూసేశారు. ఇప్పుడు ఆమె ఆరాధనకు రావడం లేదు. అప్పు తీసుకున్నవాడు వస్తున్నాడు, దేవుడు తనకు చేసిన మేలుల గురించి అందరి ముందు సాక్ష్యం కూడా చెబుతున్నాడు. ఆమె కూతురు చదువు ఒక ఏడాది వెనకబడింది.

2. ఇంట్లో దెబ్బలు తినే స్త్రీకి ఓర్పు నేర్పుతున్నారు, కొట్టే పురుషునికి ఆశానిగ్రహం నేర్పడం లేదు. ఈ మాట కఠినంగా ఉందని తెలిసే రాస్తున్నాను. భర్త చేతిలో దెబ్బలు తిన్న స్త్రీ కాపరి ఇంటికి వచ్చినప్పుడు ఆమెకు దొరికేది చాలాచోట్ల ఒక ప్రార్థన, ఒక సర్దుబాటు మాట, మళ్లీ అదే ఇంటికి ప్రయాణం. లోబడి ఉండమన్న వచనం ఆమెకు కంఠతా వచ్చేలా చేశాం. కొలొస్సయులకు 3వ అధ్యాయం 19వ వచనంలో భార్యలను నిష్ఠురపెట్టవద్దన్న ఆజ్ఞ భర్తకు ఎన్నిసార్లు వినిపించాం? భార్యను గౌరవించని భర్త ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుందని పేతురు రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయం 7వ వచనం చెబుతుంటే, అటువంటి మనిషిని లేచి సంఘం కోసం ప్రార్థించమని మనమే అడుగుతున్నాం. ఆ ప్రార్థన జరుగుతున్నంతసేపూ వెనక వరసలో అతని భార్యా పిల్లలూ కళ్లు మూసుకొని ఏమనుకుంటారో ఒక్కసారి ఆలోచించండి. ఆ పిల్లలు దేవుణ్ణి "తండ్రీ" అని పిలవడం నేర్చుకోవలసింది ఆ ఇంట్లోనే.

3. పనిచోట మన మాట విలువ పోతున్నది. ఉజ్జీవ సభకు వెళ్లడానికి అనారోగ్యమని అబద్ధపు సెలవు చీటీ పెట్టడం, ఉపవాస ప్రార్థన కారణంగా ఆలస్యంగా వచ్చి వేళకు వచ్చినట్టు సంతకం చేయడం తప్పని కూడా కొందరికి తోచడం లేదు. దానియేలు మీద నేరం మోపడానికి వెతికినవారికి అతని ఉద్యోగ నిర్వహణలో ఒక్క తప్పు కూడా దొరకలేదని దానియేలు గ్రంథం 6వ అధ్యాయంలో చదువుతాం. మనం సింహాల బోను కథ చెప్పి ఆ వచనాన్ని దాటేస్తాం.

4. ప్రార్థన అంశం అనే పేరుతో ఇతరుల ఇంటి గుట్టు బజారున పడుతున్నది. ఒక కుటుంబం తమ అమ్మాయి కష్టాన్ని ఇద్దరికి చెప్పుకొని ప్రార్థించమంటే, సాయంత్రానికి అది సంఘపు వాట్సాప్ గ్రూపులో "ఫలానా కుటుంబం కోసం భారంతో ప్రార్థించండి" అంటూ వివరాలతో సహా కనిపించింది. పంపినవారు చెడు ఉద్దేశంతో పంపలేదు. అది పాపమని వారికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ కుటుంబం ఇప్పుడు ఎవరికీ ఏమీ చెప్పుకోదు.

5. యౌవనస్థులు వెళ్లిపోతున్నారు. లోకాశలే కారణమని మనం అంటున్నాం. నా తరగతిలో పెరిగి, ఇప్పుడు సంఘానికి దూరంగా ఉన్న కొందరిని నేను స్వయంగా అడిగాను. వారిలో ఒక్కరు కూడా క్రీస్తును గురించి చెడుగా మాట్లాడలేదు. తమ ఇంట్లో ఆదివారం ఒక తీరు, సోమవారం ఇంకొక తీరు చూసి అలసిపోయామన్నారు.

6. తప్పు చేస్తున్నవారికి కూడా మనం అన్యాయమే చేస్తున్నాం. ఇది ఎవరూ మాట్లాడని సంగతి కనుక కొంచెం వివరంగా చెప్పాలి. ఇంట్లో కోపాన్ని అదుపు చేసుకోలేని ఒక మధ్యవయస్కుడు, తన భార్య సమక్షంలోనే, నాతో అన్నాడు: "ఇరవై ఏళ్లుగా ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నానమ్మా. అడిగితే చెప్పేద్దామని. ఎవరూ అడగరు. బాగున్నారా బ్రదర్ అంటారు, ప్రభువు కృపలో బాగున్నాను అంటాను." మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి అని యాకోబు 5వ అధ్యాయం 16వ వచనం ఆజ్ఞాపిస్తుంటే, ఒప్పుకోవడానికి మన సంఘ జీవితంలో ఒక్క చోటు గాని, ఒక్క గంట గాని లేదు. ఒప్పుకున్న మాట బయటికి పొక్కదన్న భరోసా అంతకంటే లేదు. దాచుకోవడం తప్ప మరో దారి లేనప్పుడు మంచి మనుషులు కూడా వేషధారులవుతారు. ఆ వేషానికి కారణం వారొక్కరే కాదు.

శీలం ప్రార్థిస్తే దానంతట అదే వస్తుందని మనలో చాలామంది అనుకుంటున్నారు. ప్రార్థన లేకుండా రాదు, నిజమే. కాని పేతురు రాసిన రెండవ పత్రిక 1వ అధ్యాయంలో విశ్వాసానికి సద్గుణాన్ని, దానికి జ్ఞానాన్ని, ఆశానిగ్రహాన్ని, సహనాన్ని, భక్తిని, సహోదర ప్రేమను, దయను ఒకదాని వెంట ఒకటి అమర్చుకోమని చెబుతూ, అందుకు పూర్ణ జాగ్రత్త గలవారై ఉండమంటున్నాడు. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయం 7వ వచనంలో దేవభక్తి విషయములో నీకు నీవే సాధకము చేసికొనుము అన్నాడు. గ్రీకులో అది వ్యాయామశాలకు చెందిన మాట. మన తెలుగు అనువాదకులు దానికి "సాధకము" అన్న మాటను ఎంచుకున్నారు. తెల్లవారుజామున లేచి, వినేవారెవరూ లేకపోయినా, ఒకే స్వరాన్ని నిలకడ వచ్చేదాకా పలికే పాటగాడి కష్టానికి మనం వాడేది ఆ మాటే. మా గాయక బృందం వారానికి రెండు సాయంత్రాలు సాధన చేస్తుంది. దాన్ని ఎవరూ క్రియల మీద ఆధారపడటం అనలేదు. కోపం విషయంలో, నాలుక విషయంలో, డబ్బు విషయంలో సాధకం చేద్దామంటే మాత్రం కృపకు అడ్డు వస్తుందంటున్నారు.

ఈ సాధకం ఎలా ఉంటుందో చెప్పడానికి మా చిన్న ప్రయత్నాన్ని ప్రస్తావిస్తాను. రెండవ విజ్ఞాపనకు జవాబు రాకపోవడంతో మేము ముగ్గురు స్త్రీలం వారానికొకసారి అరగంట కూర్చొని, ఒకరినొకరు రెండే ప్రశ్నలు అడుగుకోవాలని నిర్ణయించుకున్నాం. ఈ వారం ఎవరితో కఠినంగా మాట్లాడారు? వారి దగ్గరకు వెళ్లారా? మొదటి నాలుగు వారాలు ముగ్గురం ఎవరితోనూ లేదనే చెప్పాం. ఐదవ వారం మాలో పెద్దావిడ, తన కోడలితో మూడు రోజులుగా మాట్లాడటం లేదని చెప్పి తల దించుకుంది. ఆ తర్వాతే నా నోరు పెగిలింది. పాఠం సరిగా చెప్పలేని ఒక పిల్లవాణ్ణి అందరి ముందూ చిన్నబుచ్చానని అప్పటిదాకా నేను కూడా దాచాను. ఆ తర్వాతి ఆదివారం తరగతి మొదలు కాకముందే ఆ పిల్లవాణ్ణి పిలిచి, "నిన్ను అలా అనకూడదు నాన్నా, తప్పు నాదే, క్షమించు" అన్నాను. వాడు ఏమనాలో తెలియక తన చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు. వాడి వయసులో ఒక పెద్దమనిషి క్షమాపణ అడగడం అదే మొదటిసారి అయి ఉంటుంది. రోమీయులకు 5వ అధ్యాయంలో శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను కలుగజేస్తుందని చదివేటప్పుడు "పరీక్ష" అన్న మాట నాకు చాలాకాలం అర్థం కాలేదు. పరీక్షకు నిలిచి రుజువైన స్వభావం అని ఆ గ్రీకు మాటకు అర్థమట. అలా రుజువు కావడానికి ఇటువంటి నిమిషాలే కావాలి, అవి ప్రసంగం వింటే రావు.

చరిత్రలో కూడా ఇందుకు దారి ఉంది. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో, ప్రార్థన మందిరపు అప్పు తీర్చడానికి, మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన బోధకుడు జాన్ వెస్లీ సమాజంలోని సభ్యులను దాదాపు 12 మంది చొప్పున చిన్న గుంపులుగా విడదీసి, ప్రతి ఒక్కరి దగ్గరా వారానికి ఒక పెన్నీ పోగు చేయడానికి గుంపుకొక నాయకుణ్ణి పెట్టారు. ఆ నాయకులు డబ్బు కోసం ఇంటింటికీ వెళ్లేసరికి, ఒకరు భార్యతో తగవులాడుతూ, ఇంకొకరు తాగి ఉండి కనిపించారు. తాము ఎంతోకాలంగా వెతుకుతున్నది ఇదేనని వెస్లీకి అప్పుడు తోచింది. డబ్బు పోగు చేయడానికి పుట్టిన గుంపులు ఒకరి ఆత్మ క్షేమాన్ని ఒకరు విచారించే తరగతులయ్యాయి. ఇళ్లకు వెళ్లిన తర్వాతే మనుషులు ఎలా ఉన్నారో ఆ సంఘానికి తెలిసింది. మా తరగతిలోని పాప కూడా అదే అడిగింది.

ఈ కారణాల వల్ల, మీ పదవికి తగిన గౌరవంతో, కింది కోరికలను మీ ముందు ఉంచుతున్నాం.

1. పెద్దలను, పరిచారకులను, సండే స్కూలు బోధకులను ఎన్నుకునేటప్పుడు తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయపు జాబితాను కాగితం మీద పెట్టుకొని, ఒక్కొక్క లక్షణాన్ని విచారించండి. వారి భార్యను గాని భర్తను గాని, ఎదిగిన పిల్లలను, పనిచోట కలిసి పనిచేసేవారిని, సంఘానికి బయట ఉన్న ఒకరిద్దరు ఇరుగుపొరుగువారిని విడివిడిగా అడగండి. బయటివారి మంచి సాక్ష్యం ఉండాలన్నది మా కోరిక కాదు, 7వ వచనపు ఆజ్ఞ. ఇప్పటికే ఆ స్థానాల్లో ఉన్న మాకు కూడా ఇదే విచారణ జరగాలి, నాతోనే మొదలుపెట్టండి.

2. విశ్వాసుల మధ్య అప్పులు, జీతాలు, ఆస్తి తగాదాలు వినడానికి ముగ్గురితో ఒక మండలి వేయండి. అందులో కనీసం ఒక స్త్రీ ఉండాలి, ఇరుపక్షాల బంధువులెవరూ ఉండకూడదు. ఫిర్యాదు వచ్చిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా తీర్పు చెప్పాలి. అది సాధ్యపడకపోతే న్యాయస్థానానికి వెళ్లే విశ్వాసిని నిందించకూడదు. తప్పు తేలినప్పుడు క్షమాపణ మాటతో సరిపెట్టకుండా సొమ్ము తిరిగి ఇప్పించాలి. లేవీయకాండము 6వ అధ్యాయంలో మోసంతో తీసుకున్నదాన్ని ఐదవ వంతు కలిపి తిరిగి ఇవ్వమన్న నియమం ఉంది. సుంకాలు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు, ఆ మాట విన్నాకే ప్రభువు నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నదని చెప్పాడు.

3. ఇంట్లో హింసకు గురైన స్త్రీ గాని, పిల్లలు గాని, మరెవరైనా గాని మీ దగ్గరకు వస్తే, మొదట వారి ప్రాణభద్రత చూడండి. వారిని ఒంటరిగా అదే ఇంటికి తిరిగి పంపకండి, చట్టాన్ని ఆశ్రయించకుండా ఆపకండి. హింసించినవారు తప్పు ఒప్పుకొని, మారిన నడవడి ఇంటివారి నోట రుజువయ్యేదాకా వారికి వేదిక మీద గాని, ప్రార్థన నడిపించడంలో గాని స్థానం ఇవ్వకండి. ఈ ఒక్క విషయంలో వాయిదా వద్దు.

4. ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకొనే ఆరాధనకు, ఒక వారం ముందు, సమాధానపడవలసినవారు ఈ వారంలో వెళ్లి సమాధానపడండి అని ప్రకటించండి. బలిపీఠం దగ్గర అర్పణను విడిచిపెట్టి మొదట సహోదరుని దగ్గరకు వెళ్లమని మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువే చెప్పాడు. వెళ్లడానికి సమయం ఇవ్వకుండా ఆదివారం ఉదయం బల్ల దగ్గర మమ్మల్ని మేము పరీక్షించుకోమంటే, మేము కళ్లు మూసుకొని ఒక నిమిషం నిలబడటమే జరుగుతోంది.

5. సంఘాన్ని 12 మందికి మించని చిన్న గుంపులుగా చేసి, వారానికొకసారి ఒకరి నడవడిని ఒకరు విచారించుకునే సమయం ఇవ్వండి. స్త్రీలకు, పురుషులకు, యౌవనస్థులకు వేరువేరుగా ఉంటే మేలు. అక్కడ విన్నది బయట చెప్పినవారు ఆ గుంపులో కొనసాగరాదన్న నియమం మొదటి రోజే చదవాలి. ప్రాణహాని గాని, పిల్లలకు కీడు గాని ఉన్నచోట మాత్రం ఆ గోప్యత వర్తించదని కూడా అప్పుడే చెప్పాలి.

6. కానుకల లెక్కలు ఆరు నెలలకొకసారి సంఘం ముందు చదవండి. యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగైన సొమ్మును ఒక్కడే మోసుకుపోకుండా, తన మీద ఎవరూ తప్పు మోపకూడదని, సంఘాలు నియమించిన సహోదరులను తోడు తీసుకున్నవాడు పౌలు. అంతటివాడే ప్రభువు దృష్టికే గాక మనుష్యుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలనుకున్నాడు.

7. సండే స్కూలు బహుమతులను వచనాలు అప్పజెప్పినవారికే పరిమితం చేయవద్దు. ఈ మార్పు మా చేతుల్లో ఉన్నది, మీ అనుమతి చాలు.

8. కాపరులను కూడా ఎవరో ఒకరు అడగాలి. మీ అలసట, మీ శోధన, మీ ఇంటి కష్టం చెప్పుకోవడానికి మీకు కూడా చోటు లేదని మాకు తెలుసు. ప్రతి కాపరీ తనకంటే పెద్దవాడైన మరొక కాపరి దగ్గర నెలకొకసారి కూర్చొని, తన నడవడిని గురించి జవాబు చెప్పుకునే ఏర్పాటు చేసుకోవాలని కోరుతున్నాం. ఆ రోజుకు మీకు పరిచర్య నుంచి సెలవు ఇవ్వవలసిన బాధ్యత సంఘానిది.

ఈ ఎనిమిదిలో కొన్ని రేపే మొదలుపెట్టదగినవి, కొన్నింటికి సమయం పడుతుంది. ఏది ఎప్పుడు సాధ్యమో, ఏది అసలు సాధ్యం కాదో, కాకపోతే ఎందుకో మాకు చెప్పండి. వచ్చే పెద్దల సమావేశపు అంశాలలో ఈ లేఖను చేర్చి, చేర్చినట్టు రెండు వాక్యాల్లో రాసి పంపమని కోరుతున్నాం. ఆ సమావేశానికి పిలిస్తే మేము 12 మందిమీ వస్తాం. మా ఇళ్లలో, మా పనుల్లో, మా మాటల్లో మేము ఎలా ఉంటున్నామో మీరు అడిగే ప్రశ్నలకు అందరికంటే ముందు మేమే జవాబు చెబుతాం.

ప్రభువునందు మీ సహోదరి,
ఒక సండే స్కూలు బోధకురాలు, సంతకం చేసిన మరో 11 మంది విశ్వాసుల పక్షాన